చైను లాకు విప్పడానికి తాడా, తీగా, ప్లయరా?

గేరు సైకిల్ చైనును తీసి కడగాలన్నా, కొత్తది వేయాలన్నా ముందు చైను రెండు కొసలనూ కలిపే ఒక చిన్న లింకుతో పేచీ పడాలి. అదే క్విక్ లింక్. షాపుల్లో చైన్ లాకు అని కూడా అంటారు. దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన ప్లయర్ ఉంది, ధర కూడా కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది. అయితే నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాతకాలపు సైకిల్ షాపుకు వెళ్ళి అడిగితే అది దొరకడం అరుదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా హైదరాబాద్ వెళ్ళేవారికి చెప్పి పంపాలి. కొని ఇంట్లో పెట్టుకున్నవారికీ ఇబ్బంది తప్పదు. ప్లయర్ అలమారలో ఉన్న రోజే చైను దేవరకొండ రోడ్డు మీద మొరాయిస్తుంది.

అందుకే చేతికి దొరికే వస్తువుల్లో ఏది నిజంగా పనికొస్తుంది, ఏది చైనును చెడగొడుతుంది అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. నా తీర్పు మొదటే చెప్పేస్తాను. ఇంట్లో చేసే పనికి, కొనలు అరగదీసిన నోస్ ప్లయర్. దారిలో అవసరానికి, మూరెడు పొడవు పాత గేరు కేబుల్. సుత్తి, స్క్రూడ్రైవర్ల జంటను ఎక్కడా దగ్గరికి రానివ్వకండి. చైను 11 లేదా 12 స్పీడుదైతే, అంటే వెనక అన్ని పళ్ళ చక్రాలున్న సైకిల్‌దైతే, ఈ తిప్పలన్నీ మాని అసలు ప్లయరే కొనండి. కారణాలు కావాలంటే కింద చదవండి.

మీ చైనులో ఉన్నది ఏ లాకు?

ఇది చూడకుండా పనిముట్టు ఎంచుకోవడం దండగ. మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే గేరు లేని సైకిళ్ళకు, అంటే పాలక్యాన్లు మోసేవాటికి, పొలానికి వెళ్ళేవాటికి ఉండేది క్విక్ లింక్ కాదు, క్లిప్పు లాకు. పైప్లేటు మీద ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచి ఉండే సన్నటి స్ప్రింగు క్లిప్పు కనిపిస్తుంది. దీనికి ఏ ఉపాయమూ అక్కర్లేదు. మామూలు నోస్ ప్లయర్ ఒక కొనను క్లిప్పు తెరిచి ఉన్న చివరకు, రెండో కొనను అవతలి పిన్నుకు ఆనించి నొక్కితే క్లిప్పు జారిపోతుంది. పైన వేలు అడ్డం పెట్టుకోండి, లేకపోతే ఎగిరి మట్టిలో పడుతుంది, పడితే దొరకదు. తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పరుగెత్తే దిశకు ఉండాలి. చైను పైవరసలో చూస్తే, ముందు పెడలు వైపుకు. తిరగేసి వేస్తే తెరిచిన చివర దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు. ఈ రకం లాకు ఉన్నవారికి ఇక్కడితో పని అయిపోయింది.

రెండో అవకాశం, అసలు లాకే లేకపోవడం. తక్కువ ధర గేరు సైకిళ్ళలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే చైనును పిన్నుతో కలిపేస్తారు. పెడలును వెనక్కి తిప్పుతూ ఒక్కొక్క లింకునే చూడండి. క్విక్ లింక్ ఉంటే తేడా తెలుస్తుంది: దాని ప్లేటు మీద ఒక చివర పిన్ను తల గుండ్రంగా, రెండో చివర పొడుగాటి గాడి ఉంటాయి. తరచుగా రంగు కూడా వేరుగా ఉంటుంది. చైను నల్లబడి ఉంటే ముందు గుడ్డతో తుడవండి. జిడ్డు కింద దాక్కున్న లాకును లేదనుకుని చైను కోసేసినవారు ఉన్నారు. నిజంగా లేకపోతే పిన్నును బయటికి నెట్టే చైన్ కట్టర్ తప్ప మార్గం లేదు. కోశాక తిరిగి అదే పిన్నును కొట్టకుండా, ఆ చైనుకు సరిపడే క్విక్ లింక్ వేసుకుంటే మరోసారి ఈ బాధ ఉండదు.

మూడోది క్విక్ లింక్. దీనిలోనూ వెనక ఎన్ని పళ్ళ చక్రాలున్నాయన్నది ముఖ్యం. అవి పెరిగేకొద్దీ చైను బయటి వెడల్పు తగ్గుతుంది. 6, 7, 8 స్పీడు చైన్లకు అది సుమారు 7.1 నుంచి 7.3 మిల్లీమీటర్లు. 9కి 6.6 దగ్గర, 10కి 5.9 దగ్గర, 11కి 5.5 దగ్గర, 12కి 5.2 దగ్గర ఉంటుంది. వెడల్పైన లాకులు కాస్త వదులుగా ఉంటాయి, వాటితో నాటు పద్ధతులు సాగుతాయి. సన్నటి లాకులు బిగుతుగా కూర్చుంటాయి. పైగా 10 స్పీడు నుంచి మొదలయ్యే శ్రామ్ పవర్‌లాక్‌ను, షిమానో 11, 12 స్పీడు క్విక్ లింకులను ఒకసారి విప్పితే తిరిగి వాడవద్దని ఆ తయారీదారులే చెబుతారు. కేఎంసీ మిస్సింగ్‌లింక్‌లో తిరిగి వాడదగిన రకాలున్నాయి. ఇక విప్పర్‌మన్ కనెక్స్ లాకుకు పనిముట్టే అవసరం లేదు, చైనును ఒక కోణంలో మడిస్తే చేత్తోనే విడిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

లాకు అంటే రెండు సమానమైన సగాలు. ఒక్కో ప్లేటుకు ఒక చివర పిన్ను, మరో చివర గాడి. గాడికి ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. గోడ మేకుకు తగిలించే ఫొటో ఫ్రేము వెనక ఉండే రంధ్రం లాంటిదే. చైను లాగుతున్నంతసేపూ పిన్నులు రెండూ ఒకదానికొకటి దూరంగా జరిగి ఇరుకు చివర్లలో కూర్చుంటాయి. విప్పాలంటే వాటిని దగ్గరికి తేవాలి. మిల్లీమీటరో రెండో జరిగితే చాలు, పిన్ను తల వెడల్పు భాగంలోకి వచ్చి ప్లేటు పక్కకు ఊడుతుంది.

ఏ పనిముట్టు మంచిదో తేల్చేది ఈ ఒక్క సంగతే. రెండు పిన్నులను ఒకదాని వైపు ఒకటి, నేరుగా నెట్టేది మంచిది. ప్లేటును పక్కకు పెకిలించేది చెడ్డది. కొత్తగా, శుభ్రంగా ఉన్న 8 స్పీడు లాకు వట్టి చేతులతోనే వస్తుంది. రెండు ప్లేట్లనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య అదిమి చైనును రెండువైపుల నుంచి లోపలికి నెట్టాలి. కాని మన దగ్గర శుభ్రమైన చైను ఎంతకాలం ఉంటుంది? పాలమూరు చల్కల ఎర్రదుమ్ము, గద్వాల వైపు నల్లరేగడి బురద, మిర్యాలగూడ మిల్లుల చుట్టూ ఎగిరే ఊక, క్రషర్ల దగ్గరి రాతిపొడి అన్నీ నూనెకు అతుక్కుని గాడిలో సిమెంటులా గట్టిపడతాయి. లాకు రాకపోవడానికి సగం కారణం అదే. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు రెండు పిన్నుల దగ్గరా చుక్క డీజిలో కిరోసినో వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, లాకును పక్కకు నాలుగుసార్లు కదిలించండి. ఈ పని మానేసి పనిముట్టును తిట్టడం మనకు అలవాటు.

ఇంకో కొలత కూడా గుర్తుంచుకోవాలి. చైను పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. పిన్ను చుట్టూ తిరిగే రోలరు మందం పోగా పక్క పక్క రోలర్ల మధ్య మిగిలే సందు సుమారు 5 మిల్లీమీటర్లు. లోపలి వెడల్పు మరీ తక్కువ: 8 స్పీడు దాకా 2.4, ఆపైన 2.2 మిల్లీమీటర్ల దగ్గర. మీరు దూర్చే వస్తువు ఏదైనా ఆ సందులో పట్టాలి. మామూలు ప్లయర్ కొన అందులో పట్టకపోవడమే మన అవస్థకు మూలం.

సడలించకుండా మొదలుపెట్టవద్దు

లాగి ఉన్న చైను మీద ఏ పద్ధతీ పనిచేయదు. ముందూ వెనకా చిన్న పళ్ళ చక్రాల మీదికి గేరు మార్చండి. తరువాత ముందు పళ్ళ చక్రం మీది నుంచి చైనును లోపలివైపు దించేస్తే ఇంకా వదులవుతుంది. లాకు కింది వరసలో, రెండు చక్రాల మధ్య ఉండేలా పెడలు తిప్పి ఆపండి. విరిగిన స్పోకు పుల్ల ఒకటి దొరికితే జానెడు ముక్క కోసి రెండు చివర్లూ కొక్కేల్లా వంచుకోండి. లాకుకు అటూ ఇటూ రెండు మూడు లింకుల దూరంలో ఆ కొక్కేలు తగిలిస్తే మధ్యలోని చైను మొత్తం వేలాడుతుంది. మామూలు స్పోకు మందం 2 మిల్లీమీటర్లు కాబట్టి ఏ చైను సందులోనైనా దూరుతుంది. సైకిల్ షాపు ముందు ఇవి ఊరికే పడి ఉంటాయి. ఒక్క కొక్కెం ఉంటే ఒంటరిగా పని చేసుకోవచ్చు, లేకపోతే చైను పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి.

తాడు, లేసు, కేబుల్

అందరికీ ముందు తట్టేది బూటు లేసు. లాకు రెండు రోలర్లకూ బయటివైపు సందుల్లోంచి లేసును పోనివ్వాలి: ఒక సందులో పైనుంచి కిందికి దింపి, రెండో సందులోంచి పైకి తీసి, రెండు కొసలనూ పైన ఒకదాని మీదుగా ఒకటి దాటించి ఎడమకూ కుడికీ గట్టిగా లాగాలి. ఉచ్చు బిగుసుకునేకొద్దీ లోపలి రెండు రోలర్లూ దగ్గరవుతాయి, టక్కుమని లాకు వదులుతుంది. శక్తి ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే పడుతుంది, ప్లేటుకు ఏ దెబ్బా తగలదు. ఈ పద్ధతి అందం అదే.

లోపం తాడులో ఉంటుంది. నూలు లేసు జిడ్డుకు జారుతుంది, సుతిలి పురి విడిపోయి తెగుతుంది. అల్లిన నైలాన్ తాడు మేలు. పుట్టపాక, పోచంపల్లి వైపు ఉన్నవారికి మగ్గాలకు కట్టే నైలాన్ తాడు ముక్క సులభంగా దొరుకుతుంది. సాగర్ వెనక నీళ్ళ ఊళ్ళలో వలలు అల్లే దారం నాలుగు పేటలు కలిపినా సరిపోతుంది. లాగడానికి చేతిబలం చాలకపోతే తాడు కొసలు ముడేసి, ఆ వలయంలో అల్లెన్ కీ దూర్చి మెలితిప్పండి. బండి మీద గడ్డిమోపును కర్రతో బిగించే పద్ధతే ఇది, బలం చాలా రెట్లు పెరుగుతుంది.

లేసు కంటే నాకు గేరు కేబుల్ నచ్చుతుంది. లోపలి తీగ మందం 1.2 మిల్లీమీటర్లు మాత్రమే, సందులో తేలిగ్గా దూరుతుంది, జిడ్డుకు మెత్తబడదు, చేత్తో లాగినంతలో తెగదు. బ్రేకు కేబుల్ 1.5 దాకా ఉంటుంది, అదీ సరిపోతుంది కాని మొండిగా వంగుతుంది. షాపులో కేబుల్ మార్చినప్పుడు పాతది పారేస్తారు. మూరెడు ముక్క అడిగి తెచ్చుకుని, కొసలు విచ్చుకోకుండా టేపు చుట్టి సీటు కింది సంచిలో పడేస్తే బరువూ ఉండదు, చోటూ తినదు. ఒక్క జాగ్రత్త: వట్టి చేత్తో లాగితే వేళ్ళు కోసుకుంటాయి. కొసలను రెండు అల్లెన్ కీలకో, రెండు పుల్లలకో చుట్టి వాటిని పట్టుకుని లాగండి.

బైండింగ్ వైరు సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఇల్లు కడుతున్న చోటల్లా అదే కనిపిస్తుంది. తాడుతో చేసినట్టే వలయం చేసి, కొసలను కటింగ్ ప్లయర్‌తో మెలిపెడుతూ పోతే వైరు తనంతట తానే బిగుస్తుంది. లాకు మెత్తగా ఉంటే వస్తుంది. మొండికేస్తే లాకు కంటే ముందు వైరే తెగుతుంది, అప్పుడు కొత్త ముక్కతో మొదటికి రావాలి. దారిలో వేరే దిక్కు లేనప్పుడు పరవాలేదు, అలవాటు చేసుకోదగినది మాత్రం కాదు.

ప్లయర్‌తో ఐమూలగా

ఇంట్లో మామూలు ప్లయర్ ఒక్కటే ఉంటే సందులో దూర్చనక్కర్లేదు, ప్లేట్ల చివర్లనే పట్టవచ్చు. ఒక దవడను ఇవతలి ప్లేటు ఒక చివరకు, రెండో దవడను అవతలి ప్లేటు ఎదురు చివరకు ఐమూలగా ఆనించి నొక్కాలి. ఇక్కడే చాలామంది తికమకపడి ‘ఈ పద్ధతి రాదు’ అని వదిలేస్తారు. ఐమూలలు రెండున్నాయి, వాటిలో ఒకటే లాకును తెరుస్తుంది. రెండోది ఉన్న బిగువును ఇంకా బిగిస్తుంది.

గుర్తు ఇది: ఇవతలి ప్లేటు మీద పిన్ను స్థిరంగా దిగగొట్టి ఉన్న చివర ఏదో చూడండి. దవడ ఆ చివరనే పట్టాలి, గాడి ఉన్న చివరను కాదు. అవతలి ప్లేటుకూ అంతే, అక్కడ స్థిరమైన పిన్ను ఎదురు చివర ఉంటుంది. ఈ రెండు చివర్లనూ లోపలికి నెడితే పిన్నులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. ఇది అర్థమైతే 6 నుంచి 9 స్పీడు దాకా లాకులు మామూలు కటింగ్ ప్లయర్‌కే లొంగుతాయి. 10 స్పీడుకు దవడ జారడం ఎక్కువ, ప్లేటు అంచు గీరుకుపోతుంది. జారినప్పుడు వేళ్ళు పళ్ళ చక్రానికి తగలకుండా చూసుకోండి.

దీనికన్నా శ్రేష్ఠమైనది, కొంచెం శ్రమతో తయారు చేసుకోగలిగినది కొనలు అరగదీసిన నోస్ ప్లయర్. చవకరకం పొడవు ముక్కు ప్లయర్ ఒకటి తీసుకోండి. కొనలు 2 మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా పక్కల నుంచి అరగదీయాలి. అంతటితో ఆపితే లాభం లేదు. ప్లయర్ దవడలు కొన వైపు సన్నబడుతూ పోతాయి కాబట్టి నొక్కగానే రోలరు మీది నుంచి జారి బయటికి వస్తాయి. అందుకే రెండు కొనల లోపలివైపూ రోలరు వంపుకు సరిపోయే చిన్న గుంట చెక్కాలి. రోలరు ఆ గుంటలో కూర్చుంటే ఇక జారదు. అసలు ప్లయర్‌కూ దీనికీ తేడా అప్పుడు పేరులో తప్ప పెద్దగా మిగలదు.

ఆకురాయితో ఈ పని గంటల తరబడి సాగుతుంది, ప్లయర్ ఇనుము గట్టిది. ఏ మండల కేంద్రంలోనైనా వెల్డింగ్ షాపుంటుంది, అక్కడి గ్రైండర్ మీద నిమిషాల్లో అవుతుంది. మధ్య మధ్య నీళ్ళలో ముంచమని చెప్పండి. కొన నీలం తిరిగేదాకా వేడెక్కితే ఇనుము పదును పోయి మెత్తబడుతుంది, మొదటి నొక్కుకే వంగుతుంది. మంచి ప్లయర్‌ను దీనికి బలిపెట్టవద్దు, అది వేరే పనులకు కావాలి.

బైకు మెకానిక్కుల దగ్గర ఉండే సర్‌క్లిప్ ప్లయర్‌ను చాలామంది పట్టించుకోరు. దానిలో రెండు రకాలున్నాయి. పిడి నొక్కితే కొనలు దగ్గరయ్యేది ఒకటి, విచ్చుకునేది ఒకటి. మనకు కావలసింది మొదటిది, అందులోనూ కొనలు వంగి ఉన్నది. సన్నటి కొనలు చైను సందులో చక్కగా దూరి రోలర్లను లోపలికి నొక్కుతాయి. అవి పెళుసుగా ఉంటాయి కాబట్టి తుప్పు పట్టిన లాకు మీద మొత్తం బలం పెడితే పుటుక్కుమంటాయి. ఇంకొకరి పనిముట్టు అయితే మరీ జాగ్రత్త. విరిగితే కొత్తది కొనివ్వవలసింది మీరే. శుభ్రం చేసిన లాకుకు మాత్రం ఇది తాడు కంటే తొందరగా పని ముగిస్తుంది.

వద్దనదగినవి

రెండు మేకులు సందుల్లో దూర్చి పైన ప్లయర్‌తో దగ్గరికి నొక్కే ఉపాయం వినడానికి బాగుంటుంది. చేస్తే మేకులు ఏటవాలుగా వంగుతాయి, బలం రోలర్లకు చేరదు. అవి వంగకుండా ఉండాలంటే పైనా కిందా సమానంగా లాగబడేలా తాడుతో కట్టాలి. ఆ తాడేదో నేరుగా చైనుకే కట్టవచ్చు కదా.

స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టడం గురించి మెత్తగా చెప్పలేను. ప్లేటు పక్కకు పెకలుతుంది, గాడి అంచు విచ్చుకుంటుంది, పిన్ను వంగుతుంది. లాకు ఊడి వస్తుంది, నిజమే. తిరిగి వేస్తే పైకి బాగానే కనిపిస్తుంది కూడా. శ్రీశైలం దారిలో మన్ననూరు ఎగువ ఘాటులో సీటు మీది నుంచి లేచి పెడలు మీద బరువు వేసినప్పుడు దాని సంగతి బయటపడుతుంది. చైను ఊడితే పాదం కిందికి జారి మోకాలు హ్యాండిలుకు తగులుతుంది, లేదా మనిషే ముందుకు పడతాడు. అలా విప్పిన లాకును ఎంత కొత్తదైనా పారేయండి.

గేరు లేని సైకిళ్ళకు పంచు పెట్టి పిన్ను కొట్టి తీయడం, తిరిగి దిగగొట్టడం మన మెకానిక్కులకు తరతరాల విద్య. ఆ లావు చైనుకు అది చెల్లుతుంది. గేరు చైను పిన్నుల తలలు ఫ్యాక్టరీలో అదిమి వెడల్పు చేసి ఉంటాయి. ఒకసారి బయటికి కొడితే ఆ తల చెడుతుంది, తిరిగి కొట్టిన పిన్ను ఎప్పుడో ఒకప్పుడు ప్లేటును వదిలేస్తుంది. షాపులో సైకిల్ ఇచ్చి టీ తాగడానికి వెళ్ళేముందు ‘అన్నా, దీనికి లాకు ఉంది, పిన్ను కొట్టవద్దు’ అని చెప్పి, లాకు ఎక్కడుందో వేలితో చూపించి వెళ్ళండి. చేతిలో కేబుల్ ముక్క ఉంటే అదీ ఇవ్వండి. ఒకసారి చూస్తే ఆయనే రేపు ఇంకొకరికి నేర్పుతాడు.

ఎవరికి ఏది

పారేయబోతున్న చైను అయితే ఇంత ఆలోచన అనవసరం, కట్టర్‌తో కోయండి. పారేయాలో లేదో తెలియకపోతే ఇనుప స్కేలు పెట్టి కొలవండి. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య 24 అంతరాలు సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు దాటితే చైను సాగిపోయినట్టే. 11, 12 స్పీడు చైన్లను అక్కడికి చేరగానే మార్చేయాలి, తక్కువ స్పీడువి ఇంకాస్త దూరం నడుస్తాయి. ఇక కడగడానికి మాత్రమే విప్పాలనుకుంటే, నెలనెలా విప్పనక్కర్లేదు. సైకిల్ మీదే ఉంచి బ్రష్షుతో, గుడ్డతో తుడిచి నూనె వేస్తే మామూలు దుమ్ముకు చాలు. చెరువు కట్ట బురదలో దిగినప్పుడో, వానలో నానినప్పుడో తీసి కడగండి.

రోజూ కాలేజీకో ఉద్యోగానికో 7, 8 స్పీడు సైకిల్ తొక్కేవారికి ఐమూల పద్ధతి, ఒక నోస్ ప్లయర్ చాలు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి గేరు సైకిళ్ళుంటే కొనలు అరగదీయించుకోవడం గిట్టుబాటు. వారాంతాల్లో దూరం వెళ్ళేవారికి, నార్కట్‌పల్లి, నకిరేకల్ లాంటి హైవే ఊళ్ళ మీదుగా వెళ్ళినంతకాలం ఏదో ఒక మెకానిక్ దొరుకుతాడు. కేబుల్ ముక్క, స్పోకు కొక్కెం ఉంటే నిశ్చింత. శ్రీశైలం దారి వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ పులుల అడవి మొదలవుతుంది, వటవర్లపల్లి, దోమలపెంట లాంటి కొద్ది ఊళ్ళు తప్ప షాపులు ఉండవు, రాత్రి రాకపోకలు ఆపేస్తారు. అక్కడికి వెళ్ళేవారు కేబుల్‌తో పాటు చిన్న చైన్ కట్టర్, తమ చైను స్పీడుకు సరిపడే లాకులు రెండు పెట్టుకోవాలి. లాకుల్లో ‘దాదాపు సరిపోతుంది’ అన్నది ఉండదు. 8 స్పీడు లాకును 10 స్పీడు చైనుకు వేస్తే వదులుగా ఆడుతుంది, పక్క చక్రానికి రాసుకుంటుంది.

11, 12 స్పీడు సైకిల్ కొన్నవారికి నా మాట ఒకటే. సైకిల్‌కు వేలకు వేలు పెట్టి ప్లయర్ దగ్గర పొదుపు చేయవద్దు. పార్క్ టూల్ వారి ఎంఎల్‌పీ రకం, షిమానో టీఎల్-సీఎన్10 లాంటివి లాకును తెరుస్తాయి, మూస్తాయి కూడా. పేరులేని చవకరకాలు సైతం ఈ పని చేస్తాయి. దారిలో తప్పనిసరైతే కేబుల్‌తో ప్రయత్నించవచ్చు, అది కూడా కొత్త లాకు సంచిలో ఉన్నప్పుడే.

మూయడానికి పనిముట్టు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. రెండు సగాలను కలిపి, లాకు చైను పైవరసలో మధ్యకు వచ్చేలా పెడలు తిప్పండి. వెనక బ్రేకు గట్టిగా పట్టి, పెడలు మీద కాలితో బరువు వేయండి. టిక్కుమన్న చప్పుడు వస్తుంది. చప్పుడును మాత్రమే నమ్మకుండా రెండువైపులా వంగి చూడండి: రెండు పిన్ను తలలూ గాడి ఇరుకు చివరలో పూర్తిగా కూర్చుని ఉండాలి. ఒకటి కూర్చుని ఒకటి సగంలో ఆగితే మళ్ళీ విప్పి, గాడిలో ఇరుక్కున్న మట్టి తీసి వేయండి. కూర్చున్నాక లింకును పైకీ కిందికీ వంచండి, మిగతా లింకుల్లాగే తేలిగ్గా మడవాలి. బిగుసుకుపోయి ఉంటే వెనక డిరైలర్ (చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చిన్న చక్రాల దగ్గర ప్రతి చుట్టుకూ ఎగురుతుంది, ఆ ఎగురుడును గేరు సర్దుబాటు లోపమనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు.